తొందరలో తప్పిపోవు ధర్మము

ధర్మసంకటములు రెండు తెఱగులు. ఏది ధర్మమో తెలియక కలుగునది ఒకటి; తెలిసియు చేయలేక కలుగునది రెండవది. మొదటిదానికి భారతములోని కౌశికుని కథ చక్కని నిదర్శనము. సత్యమునే వ్రతముగా పట్టిన ఆ తపస్వి, ప్రాణభయముతో పారిపోయి దాగినవారి జాడను దొంగలు అడుగగా ఉన్నదున్నట్లు చెప్పెను. వారు హతులైరి, అతనికి నరకము ప్రాప్తించెను. కర్ణపర్వమున కృష్ణుడు అర్జునునికి ఈ కథ చెప్పెను. ఇట్టి చిక్కులు మన బ్రతుకులలో అరుదు. అనుదినము మనకు ఎదురగునవి రెండవ తెగకు చెందినవే.

నేరేడ్‌మెట్ కూడలినే తీసికొందము. ఉదయము, బడివేళ. వాహనముల రద్దీలో సైకిలుమీద పోవుచున్న ఒకడు జారిపడెననియు, అతని తలకు గాయమయ్యెననియు అనుకొందము. అతనిని ఆదుకొనుట ధర్మమని తెలియనివాడు ఆ దారిలో ఒక్కడును ఉండడు. ఐనను పలువురు సాగిపోవుదురు. ఉపాధ్యాయునికి మొదటి గంట మ్రోగు వేళ, విద్యార్థికి పరీక్ష, గుమాస్తాకు హాజరుపట్టీ. ఎవరో ఒకరు చూడకపోవుదురా యని ప్రతివాడును తలచును.

అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో డార్లీ, బాట్సన్ అను మనస్తత్త్వవేత్తలు ఈ విషయమునే పరీక్షించి, 1973లో ఫలితములను ప్రకటించిరి. మతబోధకులు కాగోరు 40 మంది విద్యార్థులను, వేరొక భవనమునకు పోయి ప్రసంగించుమని ఒక్కొక్కరినే పంపిరి. వారిలో కొందఱికి ఇచ్చిన విషయము, గాయపడిన బాటసారిని ఆదుకొన్న సమరయుని గూర్చిన బైబిలు కథ. దారిలో ఒక మనుష్యుడు తల వాల్చి మూలుగుచు కూర్చుండునట్లు ముందే ఏర్పాటు చేసిరి. తొందర లేనివారిలో నూటికి 63 మంది సాయపడిరి. మిక్కిలి తొందరలో ఉన్నవారిలో 10 మంది మాత్రమే. పరీక్ష చిన్నదే, కాని అది తేల్చినది చిన్నది కాదు. ప్రసంగవిషయము ఏదైనను చెప్పుకోదగిన భేదము కనబడలేదు. సమరయుని కథను చెప్పబోవుచునే కొందఱు ఆ మనుష్యుని దాటిపోయిరి.

దీనినిబట్టి, ధర్మమునకు అడ్డుపడునది చాలమారులు అజ్ఞానము కాదు, తొందర. తొందరలో ఆలోచన సాగదు గనుక, తీరిక వేళనే మూడు ప్రశ్నలను మనసులో నాటుకొనుట మేలు.

మొదటిది: అక్కడ పడినవాడను నేనే ఐనచో? ఇతరులు చేసినచో తన మనసుకు ఏది బాధాకరమో దానిని తాను ఇతరులకు చేయకుండుటయే ధర్మమార్గములకు మూలమని తిక్కన చెప్పినది ఇదియే.

రెండవది: నేను చెప్పుకొను కారణము నిజమైన ఆటంకమా, సాకా? పోలీసుల ప్రశ్నలు, కోర్టు వాయిదాలు అను భయము పూర్వము కొంత నిజమే. కాని కేంద్రప్రభుత్వపు మార్గదర్శకములను విధిగా అమలు జరుపవలెనని 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఆదేశించెను. వాని ప్రకారము, క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్చినవానిని అక్కడ నిలిపియుంచరాదు, సొమ్ము కట్టుమనరాదు. కన్నులార చూచిన సాక్షి మాత్రము తన చిరునామా ఇచ్చి వెళ్లవచ్చును. సద్భావముతో సాయపడునపుడు పొరపాటున హాని కలిగినను అతనిపై వ్యాజ్యము చెల్లదని 2019 నాటి మోటారు వాహనముల సవరణ చట్టము రక్షణ కల్పించెను. నాటి కారణము నేడు సాకుగా మిగిలినది.

మూడవది: నాకు చేతనైన చిన్నపని ఏది? అందఱును క్షతగాత్రుని ఎత్తనక్కరలేదు. తెలియక కదల్చిన మెడకు, వెన్నుకు ముప్పు కలుగవచ్చును. ఒకరు 108కి ఫోను చేయుట, ఒకరు వాహనములను ప్రక్కకు మళ్లించుట, ఒకరు అతని చెంత నిలిచి ధైర్యము చెప్పుట, ఇవి చాలును. ఆ 108 సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే ఆరంభమైనది.

ఈ ప్రశ్నలు బడిలోను పనికివచ్చును. మార్కుల జాబితా పంపు గడియలో కూడికలో తప్పు కనబడిన ఉపాధ్యాయునికిని, తోటివానిని నలుగురు ఏడిపించుచుండగా చూచిన విద్యార్థికిని ఇవియే ప్రశ్నలు.

ఇక, బడికి ఆలస్యముగా వచ్చిన పిల్లవానిని కారణ మడుగకయే వెలుపల నిలుపుట మనకు అలవాటు. వాడు దారిలో ఎవరికొఱకో ఆగియుండవచ్చును. అడుగకుండ శిక్షించిన బడి, ఇకమీదట ఆగవద్దని వానికి నేర్పుచున్నది. పరోపకారమును గూర్చి పాఠము చెప్పు ఉపాధ్యాయుడు, ఎందుకు ఆలస్యమైనదని ఒక్కమాట అడుగుట కూడ ఆ పాఠములో భాగమే.