జార్జ్ హారిసన్ సోలో ఆల్బమ్స్: ఏవి వినాలి, ఏవి వదిలేయొచ్చు?

బీటిల్స్ ఎపిసోడ్ తర్వాత మీలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, బ్యాండ్ పాటలన్నీ వినేశాం, జార్జ్ హారిసన్ ఒక్కడే చేసిన ఆల్బమ్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?" అని. మంచి ప్రశ్న. ఎందుకంటే తప్పు చోట మొదలుపెడితే ఆ మనిషి మనకి పూర్తిగా చేజారిపోతాడు. నా విషయంలో అదే జరిగింది.

నేను మొదట విన్న హారిసన్ ఆల్బమ్ 'డార్క్ హార్స్'. అదే ఎందుకంటే కారణం ఏమీ లేదు. ఫోన్‌లో పేరు కొట్టాను, కవర్ బాగుంది, నొక్కేశాను. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బస్సులో కూర్చుంటే ఒక బొంగురు గొంతు, జలుబు చేసినవాడు పాడుతున్నట్టు. నాలుగు పాటలు విని ఆపేశా. "సరే, బీటిల్స్‌లో ఇతను ఎందుకు మూడోవాడో అర్థమైంది" అనుకున్నా. ఆ తర్వాత కొన్నేళ్ళు అటు వైపే వెళ్ళలేదు. ఎంత తప్పో తర్వాత తెలిసింది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. బీటిల్స్‌లో నలుగురు. వయసులో అందరికంటే చిన్నవాడు జార్జ్, 1943లో పుట్టాడు. పాటలు రాసే పని జాన్ లెనన్‌ది, పాల్ మెకార్ట్నీది. మామూలుగా ఒక ఆల్బమ్‌లో జార్జ్‌కి దక్కేది ఒకటో రెండో పాటలు. ఉమ్మడి కుటుంబంలో చిన్నోడి మాటలాగా అన్నమాట. వింటారు, తల ఊపుతారు, తర్వాత పెద్దాళ్ళు అనుకున్నదే చేస్తారు. 1968లో వచ్చిన డబుల్ ఆల్బమ్‌లో 30 ట్రాకులుంటే అందులో అతనివి నాలుగే. 'నాట్ గిల్టీ' అనే అతని పాటని అదే ఆల్బమ్ కోసం వంద టేకులు దాటి రికార్డ్ చేసి, చివరికి పక్కన పెట్టేశారు. వంద టేకులు! ఆ పాట సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అంటే ఏమైంది? పాటలు పేరుకుపోయాయి. 1970లో బ్యాండ్ విడిపోయేసరికి ఇతని దగ్గర ఏళ్ళ తరబడి దాచుకున్న సరుకు ఉంది. అదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది, 1970 నవంబర్‌లో. అదే 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్'. ఒకటి కాదు, రెండు కాదు, మూడు ఎల్పీ రికార్డులు ఒకే పెట్టెలో. అప్పటికి అతనికి 27 ఏళ్ళు.

మీరు ఒకే ఒక్క హారిసన్ ఆల్బమ్ వింటాను అంటే, ఇదే. ఇందులో డిబేట్ లేదు. కానీ ఎలా వినాలో చెప్తా. మొత్తం 23 ట్రాకులు, గంటన్నర పైనే. అంత చూసి భయపడొద్దు. మూడో డిస్క్ పేరు 'ఆపిల్ జామ్'. దాదాపు అంతా స్టూడియోలో దోస్తులు కలిసి సరదాగా వాయించుకున్నది. అది వదిలేయండి, నేను కూడా రెండుసార్లకు మించి వినలేదు. మొదటి 18 ట్రాకులే అసలు ఆల్బమ్. దాన్ని కూడా రెండు ముక్కలు చేసుకుని రెండు రాత్రులు వినండి. 'ఈజింట్ ఇట్ ఎ పిటీ' అనే పాట రెండుసార్లు వస్తుంది, రెండు వెర్షన్లు. మనుషులు ఒకళ్ళనొకళ్ళు ఎలా బాధపెట్టుకుంటారో చెప్పే పాట. ఏడు నిమిషాలుంటుంది, ఏ తొందరా ఉండదు. ఇది బీటిల్స్ వద్దనుకున్న పాట. వింటుంటే మీకే అనిపిస్తుంది, ఇది ఎలా వద్దనుకున్నారురా బాబూ అని.

దీంట్లోనే 'మై స్వీట్ లార్డ్' ఉంది. బీటిల్స్ నలుగురిలో సోలోగా నంబర్ వన్ కొట్టిన మొదటి సింగిల్ ఇదే. ఈసారి విన్నప్పుడు వెనక కోరస్ మీద చెవి పెట్టండి. ముందు 'హల్లెలూయా' అంటారు. తర్వాత మెల్లగా 'హరే కృష్ణ'లోకి జారిపోతారు. ఇంకా లోపలికి వెళ్తే మనం చిన్నప్పుడు బడిలో చేతులు జోడించి చదివిన గురుబ్రహ్మ శ్లోకం వినిపిస్తుంది. మొదటిసారి దాన్ని పట్టుకున్నప్పుడు నేను పాట ఆపి వెనక్కి జరిపి మళ్ళీ విన్నా.

ఈ పాటకే కోర్టు కేసు కూడా అయింది. 'హి ఈజ్ సో ఫైన్' అనే పాత పాట ట్యూన్‌లా ఉందని. 1976లో జడ్జి ఏమన్నాడంటే, కావాలని కాపీ కొట్టలేదు, కానీ తెలియకుండా మనసులోంచి అదే వచ్చింది, అయినా తప్పు తప్పే అని. ఇంకా విచిత్రం, హారిసన్ దగ్గర ఒకప్పుడు మేనేజర్‌గా ఉన్న ఆలెన్ క్లైనే తర్వాత ఆ పాత పాట హక్కులున్న కంపెనీని కొని, కేసులో అవతలి పక్షం అయ్యాడు. ఏళ్ళ తరబడి సాగింది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ ఆల్బమ్ సౌండ్ కొంతమందికి నచ్చదు. ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్. అతని పద్ధతి ఏంటంటే గిటార్లు, పియానోలు, డ్రమ్స్ గుంపులు గుంపులుగా పెట్టి, వాటి మీద ఎకో పోసి, గోడలా నిలబెట్టడం. పెళ్ళి మండపంలో స్పీకర్లన్నీ ఒకేసారి మోగినట్టు ఉంటుంది కొన్ని చోట్ల. పెద్దయ్యాక హారిసనే ఆ ఎకో కొంచెం తగ్గిస్తే బాగుండేదనుకున్నాడు. 2021లో కొత్త మిక్స్ వచ్చింది, గొంతు ముందుకొచ్చింది, ఫోన్‌లో వినేవాళ్ళు దాంతో మొదలుపెట్టండి.

తర్వాతేంటి? ఇక్కడే నేను గమనించిన ఒక సంగతి చెప్తా. ఈయన ఆల్బమ్స్ అన్నీ వరుసగా విన్నాక నాకు తోచింది ఇది: తొందరలో చేసినవి దాదాపు అన్నీ నీరసం. ఆగి, టైమ్ తీసుకుని చేసినవి దాదాపు అన్నీ బాగుంటాయి. చాలామంది ఆర్టిస్టులకి ఇది ఇంత స్పష్టంగా కనిపించదు. కొందరు ఒత్తిడిలోనే మెరుస్తారు. ఇతను ఆ రకం కాదు.

'డార్క్ హార్స్' చూడండి, 1974. అమెరికా టూర్ ముంచుకొస్తోంది, ఒక పక్క రిహార్సల్స్, ఇంకో పక్క రికార్డింగ్. గొంతు పోయింది. అదే గొంతుతో పాడేశాడు, అదే గొంతుతో టూర్‌కి కూడా వెళ్ళాడు. ఇంట్లో భార్య ప్యాటీ విడిపోయి అతని స్నేహితుడు ఎరిక్ క్లాప్టన్ దగ్గరికి వెళ్ళిన రోజులు కూడా అవే. నేను బస్సులో విన్నది ఆ మనిషిని అన్నమాట. అది తెలిశాక ఆ బొంగురు గొంతు మీద జాలి పుట్టింది గానీ, ఆల్బమ్ మాత్రం మంచిది అవ్వలేదు. మరుసటి ఏడాది 'ఎక్స్‌ట్రా టెక్స్‌చర్' ఇంకా దిగులు. 1981లో వచ్చిన 'సమ్‌వేర్ ఇన్ ఇంగ్లండ్'ని మొదట ఇస్తే రికార్డ్ కంపెనీ తిప్పి పంపింది, కొన్ని పాటలు మార్చి మళ్ళీ ఇచ్చాడు, ఆ అతుకులు కనిపిస్తాయి. లెనన్ మరణం తర్వాత అతని కోసం చేసిన 'ఆల్ దోజ్ యియర్స్ అగో' మాత్రం దాంట్లోంచి తీసి వినండి. 1982 'గాన్ ట్రాపో' వదిలేయండి. అప్పటికి అతనికే ఆసక్తి పోయింది, ప్రచారం కూడా పెద్దగా చేయలేదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 1977లో ఇతను పాటలు పక్కనపెట్టి ఫార్ములా వన్ రేసులు చూస్తూ తిరిగాడు. మరుసటి ఏడాది కొడుకు ధని పుట్టాడు. అవును, మన స-రి-గ-మ-ప-ద-నిలో చివరి రెండు స్వరాలు, ద, ని. ఆ ప్రశాంతంలోంచి 1979లో వచ్చింది 'జార్జ్ హారిసన్' అనే ఆల్బమ్, పేరే అతని పేరు. దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు, నాకు మాత్రం ఇది రెండో స్థానం. ఎండ పడుతున్న వరండాలో కూర్చున్నట్టు ఉంటుంది. 'బ్లో అవే' వినండి, వాన పడే రోజైతే ఇంకా మంచిది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, వంద టేకుల 'నాట్ గిల్టీ', అది పదేళ్ళ తర్వాత ఇక్కడ ప్రత్యక్షం. కోపంగా ఉండాల్సిన పాటని నెమ్మదిగా, కాఫీ తాగుతూ చెప్పినట్టు పాడాడు. బ్యాండ్‌తో లెక్క అలా సెటిల్ చేసుకున్నాడనిపిస్తుంది.

1987 'క్లౌడ్ నైన్' కూడా ఇదే లెక్క. ఐదేళ్ళు ఆల్బమ్ లేదు, తర్వాత జెఫ్ లిన్‌తో కలిసి ఇంట్లో స్టూడియోలోనే చేశాడు. 'గాట్ మై మైండ్ సెట్ ఆన్ యూ' అమెరికాలో నంబర్ వన్. అది నిజానికి 60లలోని వేరేవాళ్ళ పాట. డ్రమ్స్ సౌండ్ పక్కా 80ల నాటిది, కొందరికి గుచ్చుకుంటుంది. జిమ్‌లో, బైక్ మీద బాగుంటుంది.

అయితే నా మనసు ఉన్నది చివరిదాని మీద. 'బ్రెయిన్‌వాష్డ్'. 2001 నవంబర్ 29న హారిసన్ క్యాన్సర్‌తో చనిపోయాడు. 58 ఏళ్ళు. ఆల్బమ్ అప్పటికి పూర్తవలేదు. ఏళ్ళుగా కొంచెం కొంచెం చేసుకుంటూ వచ్చిన పాటలవి. మిగిలింది ఎలా పూర్తి చేయాలో కొడుకు ధనికి చెప్పి వెళ్ళాడు. ధని, జెఫ్ లిన్ కూర్చుని పూర్తి చేశారు, 2002లో వచ్చింది. అంటే మీరు వినేది తండ్రి గొంతు, దాని చుట్టూ కొడుకు చేతులు.

దీంట్లో 'మార్వా బ్లూస్' అని మాటలు లేని ట్రాక్ ఉంది. మార్వా హిందుస్తానీలో సాయంత్రం రాగం. శాస్త్రప్రకారం రాగం మొత్తం వెతక్కండి, పేరు, ఆ వేళ మాత్రమే తీసుకున్నట్టుంది. వినాల్సింది స్లైడ్ గిటార్. రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకుని, తను గొప్ప సితారిస్ట్ కాలేనని తెలిసి 60ల చివర్లో వదిలేశాడు. కానీ స్వరం నుంచి స్వరానికి జారే ఆ పద్ధతి చేతిలోంచి పోలేదు. గిటార్ తీగల మీద స్లైడ్ పెట్టి అదే జారుడు తెచ్చాడు. మన గోటువాద్యం విన్నవాళ్ళకి వెంటనే తగులుతుంది ఇది. ఈ ట్రాక్‌కి తర్వాత గ్రామీ కూడా వచ్చింది. తీసుకోవడానికి మనిషి లేడు.

ఆల్బమ్ చివరి పాట పేరు కూడా 'బ్రెయిన్‌వాష్డ్'. మీడియాని, కంప్యూటర్లని, సెల్‌ఫోన్లని, అందర్నీ తిడుతూ సాగుతుంది. ఇది ఫోన్‌లోనే వింటున్నాం, అదో తమాషా. తర్వాత సంగీతం మారిపోతుంది, తండ్రీ కొడుకులు కలిసి ఒక నామం అందుకుంటారు. శివాలయంలో హారతి అప్పుడు ఒకరు పార్వతీపతిని తలుచుకోగానే మిగతా అందరూ హరహర అని అందుకుంటారే, ఆ నామమే. కార్తీక మాసంలో మన ఊళ్ళలో ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ బస్సు డ్రైవర్ కొడుకు చివరి ఆల్బమ్ ఆ నామంతో ఆగుతుంది.

మిగిలినవి గబగబా చెప్పేస్తా. 1973 'లివింగ్ ఇన్ ది మెటీరియల్ వరల్డ్'లో సగం చాలా బాగుంటుంది, సగం ఉపన్యాసం. 'గివ్ మీ లవ్', 'బీ హియర్ నౌ' రెండూ తప్పక వినండి. 1976 'థర్టీ త్రీ అండ్ వన్ థర్డ్' హాయిగా ఉంటుంది, అందులో కోర్టు కేసు మీదే జోకులేస్తూ ఒక పాట ఉంది. 1968 'వండర్‌వాల్ మ్యూజిక్' సినిమా నేపథ్య సంగీతం, కొంత బొంబాయిలో మన వాద్యకారులతో రికార్డ్ చేశాడు, అభిమానం ముదిరాక వినండి. 1969 'ఎలక్ట్రానిక్ సౌండ్' అంటే కొత్తగా కొన్న సింథసైజర్ మీటలు తిప్పడం. వద్దు.

కాబట్టి ఈ రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, షఫుల్ ఆపేయండి, 'ఈజింట్ ఇట్ ఎ పిటీ' మొదటి వెర్షన్ పెట్టండి. ఏడు నిమిషాలు. అది పట్టుకుంటే ఆల్బమ్ మొత్తం వింటారు. పట్టుకోకపోతే నేరుగా 'మార్వా బ్లూస్'కి వెళ్ళిపోండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.