బరాత్‌లో లేజర్, గాల్లో డ్రోన్: పెళ్లి షూట్‌లో ఎదురయ్యే మూడు చిక్కులు

వారమంతా కోడింగ్, ముహూర్తాలుంటే శని, ఆదివారాలు కెమెరా. మా హవేలిఘనపూర్, మెదక్ చుట్టుపక్కల పెళ్లిళ్లు షూట్ చేస్తుంటే ఒకటి అర్థమైంది. స్పెసిఫికేషన్లలో కనిపించని సమస్యలే మనల్ని ఎక్కువ ఇరికిస్తాయి. వాటిలో మూడు చూద్దాం.

1. డీజే లేజర్

కెమెరాకు అన్నిటికంటే రిస్క్ ఇదే. లేజర్ కిరణం దూరం వెళ్లినా పెద్దగా విచ్చుకోదు. లెన్స్ దాన్ని సెన్సర్ మీద సన్నటి చుక్కగా ఫోకస్ చేస్తుంది. ఆ వేడికి పిక్సెళ్లు కాలిపోతాయి. ఇక తీసే ప్రతి ఫొటోలో మచ్చో, గీతో కనిపిస్తుంది. అప్‌డేట్ చేస్తే పోదు, సెన్సర్ మార్చాల్సిందే.

మిర్రర్‌లెస్‌లో, ఫోన్‌లో ప్రివ్యూ చూపించడానికి సెన్సర్ తెరిచే ఉంటుంది. అంటే షట్టర్ నొక్కకపోయినా ప్రమాదమే. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో చూసేటప్పుడు సెన్సర్‌కు అద్దం అడ్డుంటుంది, కానీ అప్పుడు రిస్క్ మీ కంటికి! లేజర్ కిరణాలు లెన్స్ మీద నేరుగా పడనివ్వొద్దని సోనీ తన కెమెరా మాన్యువళ్లలోనే హెచ్చరిస్తుంది.

అందుకే లేజర్ బండికి వీపు పెట్టి నిలబడి తీయండి. తీయనప్పుడు క్యాప్ పెట్టేయండి. లేజర్లు పైకి తిప్పమని డీజే వాళ్లకు ముందే చెప్పండి. డాన్స్ మధ్యలో ఆపమంటే పెళ్లికొడుకు దోస్తులు వినరు.

2. "ఆ ఫొటో డిలీట్ చెయ్యి తమ్మీ"

ఎవరైనా ఇలా అడిగితే వాదన పెట్టుకోవద్దు, వెంటనే తీసేయండి. రెండు కార్డుల్లో సేవ్ అయ్యే కెమెరా అయితే రెండోదీ చూడండి. కానీ డిలీట్ నొక్కితే ఆ ఫైల్ చోటు ఖాళీ అయినట్టు కార్డు రాసుకుంటుందంతే. కొత్త ఫొటో దాని మీద పడేదాకా డేటా అక్కడే ఉంటుంది, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటికొస్తుంది. పూర్తిగా పోవాలంటే, మిగతావి బ్యాకప్ చేసుకుని విండోస్ కంప్యూటర్‌లో 'క్విక్' టిక్ తీసేసి ఫార్మాట్ చేయాలి.

ఇదే మనల్ని కాపాడుతుంది కూడా. తాళి కట్టే ఫొటోలు పొరపాటున డిలీట్ అయితే ఆ కార్డులో ఇంకొక్క ఫొటో కూడా తీయకండి. బయటికి తీసి పక్కన పెట్టండి.

3. "డ్రోన్ ఒక్కసారి లేపు"

పెద్దమనుషులు అడిగితే కాదనడం కష్టమే. కానీ డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బులు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఏ సైజు డ్రోనూ లేపకూడదు. అడ్వాన్స్ తీసుకునే ముందే డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ ఊరు చూసుకుని చెప్పేస్తే, మండపంలో మొహమాటం ఉండదు.

చివరగా ఒక చిన్న టెస్ట్. బరాత్ నుంచి రాగానే తెల్లగోడది ఒకటి, లెన్స్ మూసి ఒకటి ఫొటో తీసి, రెండూ జూమ్ చేయండి. రెండింట్లో ఒకేచోట గీత ఉంటే అది లెన్స్ మీది దుమ్ము కాదు, సెన్సర్‌కే దెబ్బ తగిలింది. తర్వాతి పెళ్లి ఒప్పుకునే ముందే సర్వీస్ సెంటర్‌లో చూపించండి.