విందుబల్లలపై బంగారుచేపలు

పాశ్చాత్యదేశములలో పెండ్లివిందునకు వచ్చినవారిని బల్లకు ఎనమండుగురు, పదుగురు చొప్పున కూర్చుండబెట్టి, ప్రతి బల్ల నడుమను కంటికింపైన వస్తువొకటి నిలుపుట ఆచారము. పూలగుత్తియో, క్రొవ్వొత్తుల సెమ్మెయో, పండ్లపళ్లెమో అచ్చట నుండును. కొంతకాలముగా అచ్చటివారు కొందఱు ఆ తావున గాజుగిన్నెలో నీరు పోసి, ప్రాణముతోనున్న చేపనొకదానిని అందు విడిచి, పైని పూరేకులును తేలుదీపములును వేయుచున్నారు. మన పట్టణములలోను మంగళసూత్రధారణము పందిటిలో శాస్త్రోక్తముగా జరిపించి, మఱునాటి సాయంకాలము రిసెప్షనునకు బల్లలు వేయించుట అలవాటైనది గనుక, ఈ యలంకారము మన గుమ్మములోనికిని వచ్చినది. సోదరీమణులారా! తల్లులమై, పినతల్లులమై, మేనత్తలమై యుండుటచేత ఇట్టి విషయములలో మన మాటయే చెల్లును. కావున దీనిని గుఱించి కొంచెము వ్రాయ సాహసించుచున్నాను.

చేప మంగళవస్తువు కాదా యని కొందఱడుగుదురు. అగును. జైనులును బౌద్ధులును జంటచేపలను అష్టమంగళములలో చేర్చిరి. మన ముంగిటి ముగ్గులలో చేప కలదు. వంగదేశమున పసుపునాడు వరుని ఇంటినుండి వధువు ఇంటికి పెద్దచేపను చీరవలె గుడ్డచుట్టి, బొట్టుపెట్టి, పెండ్లికూతురివలె ముస్తాబుచేసి పంపుదురు. పిమ్మట దానిని వండుకొందురు. ద్రౌపదీస్వయంవరమున అర్జునుడు కొట్టినది యంత్రపుచేప. వీనిలో నెచ్చటను బ్రదికిన ప్రాణిని నాలుగు గడియలు చూచి పాఱవేయుట లేదు. మంగళమునకు చేప రూపము చాలినది.

ఇది నవీనమని మురియువారికి ఒక పాతసంగతి చెప్పెదను. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమునగరపు ధనవంతులు ఒక జాతి ఎఱ్ఱచేపను గాజుపాత్రలో పెట్టించి, ప్రాణముతోనే విందుబల్ల కడకు తెప్పించెడివారు. ఆ చేప ప్రాణము విడుచునప్పుడు దాని మేనిరంగులు క్షణక్షణము మాఱును. అతిథులు వంగి వంగి ఆ వింత చూచెడివారు. సెనెకా యను తత్త్వవేత్త ప్రకృతిని గుఱించి వ్రాసిన గ్రంథమున నీటిసంగతి చెప్పుచు, మధ్య నాగి, ఈ వేడుకను తీవ్రముగా నిందించెను. మనుష్యుల మరణశయ్య కడకు రానివారు చేప చావు చూడ గుమిగూడుదురని ఆయన దెప్పిపొడుపు. రోమువారు ఆ చేపను వండుకొనియైన తినిరి.

ఇప్పుడు గిన్నెలలో వేయునవి ముఖ్యముగా రెండుజాతులు. ఒకటి బంగారుచేప, రెండవది ఫైటరుచేప. బంగారుచేప చీనాదేశపు బిడ్డ. అచ్చటివారు మట్టిరంగు చేపలలో అప్పుడప్పుడు పుట్టు పచ్చనివానిని, ఎఱ్ఱనివానిని ఏరి వేఱుగా పెంచుచువచ్చిరి. సుంగ్ రాజవంశపు కాలమునకు, అనగా 960 మొదలు 1279 వఱకు గల కాలమున, వీనిని ఉద్యానముల కొలకులలో పెంచుట ప్రబలెను. అంగడిలో మన బొటనవ్రేలంత కనబడు ఈ చేప చాలినంత నీరున్నచో జానెడుకు మించి పెరుగును. దాని యాయువు పదేండ్లకు పైమాటయే. ఇంగ్లండులో 1956వ సంవత్సరమున ఒక తిరునాళ్లలో బహుమతిగా వచ్చిన ‘టిష్’ అను బంగారుచేప 1999లో, తన 43వ యేట మరణించెను. ఇన్నేండ్లు బ్రదుకగల జీవిని మనము పూలదండతో సమానముగా ఒక పూటకు కొనుచున్నాము!

చిన్ననాడు మా తండ్రిగారు భాగవతము చెప్పుచు మత్స్యావతారఘట్టమునకు వచ్చినప్పుడు నేను ఊపిరి బిగబట్టి వినెడిదానను. సత్యవ్రతుని దోసిట పడిన చేపపిల్ల ముందు కమండలువు చాలదనెను. పిదప కడవ చాలదనెను, మడుగు చాలదనెను. తుదకు సముద్రమున గాని ఇమిడినది కాదు. అది భగవంతుని లీల. అయినను చేపకు పాత్ర చాలదన్న మాట మాత్రము ఇప్పటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నదే. ఎట్లనగా, చేప తన శరీరములోని మలినములో విశేషభాగమును అమ్మోనియారూపమున మొప్పలగుండ నీటిలోనికి విడుచును. చెఱువులోను, పాతతొట్టిలోను ఉండు సూక్ష్మజీవులు దానిని హానిలేని రూపమునకు మార్చును. అప్పుడే కడిగి తెచ్చిన గాజుగిన్నెలో ఆ జీవులు లేవు. కావున నీరు అద్దమువలె కనబడుచునే విషమగుచుండును, మొప్పలు మండును. పైగా పురపాలకసంఘపు కుళాయినీటిలోని క్లోరిను చేపకు గిట్టదు. పూరేకులు నీటిని నిండ కప్పినచో గాలి నీటిలో కలియదు. పూలతోటలో చల్లిన పురుగుమందు దిగినను దిగును.

ఫైటరుచేప సయాముదేశమునది, థాయిలాండు ప్రభుత్వము 2019లో దానిని తమ జాతీయజలచరముగా ప్రకటించినది. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చగలదు గనుక, “ఎంత చిన్నగిన్నెయైనను దానికి చాలును” అని అంగడివారందురు. గాలి పీల్చగలిగినంతమాత్రమున ఇఱుకు సుఖమగునా? దానికి 24 మొదలు 28 సెంటీగ్రేడుడిగ్రీల వెచ్చదనము కావలెను. మన మంటపములలో చలియంత్రములు వణకించుచుండును. పోతులు రెండు ఒకదానికొకటి కనబడినచో రెక్కలు విప్పి కయ్యమునకు కాలుదువ్వును. ప్రక్కప్రక్క గిన్నెలలో అవి అట్లు విప్పుకొన్నప్పుడు చూపఱులు “ఎంత అందము!” అందురు. అది వాని కోపము.

మఱి చప్పుడు మాట? బంగారుచేపకు వెలుపల చెవులు లేవు గాని, దాని గాలితిత్తి నుండి లోచెవి వఱకు చిన్నయెముకల గొలుసొకటి కలదు. అందుచే అది చాలజాతుల చేపలకంటె బాగుగా వినును. మేళము సరే, ఆ పెద్దపెట్టెల మ్రోతకు మన గుండెలే అదరును గదా! కన్నులు మూసికొందమన్న దానికి ఱెప్పలు లేవు. నిఘంటువులలో అనిమిషశబ్దమునకు వేలుపనియు, చేపయనియు రెండర్థములున్నవి. మన కవులు సుందరుల కన్నులను చేపలతో పోల్చి పోల్చి అలసిరి. ఆ చేపకన్నులకు రాత్రి పదునొకండుగంటల దీపకాంతి ఎట్లుండునో వారికి తోచవలసిన యవసరము లేకపోయెను.

గత వైశాఖమున మా పెద్ద ఆడపడుచుగారి కుమార్తె రిసెప్షనులో ఇరువదియైదు బల్లలపై ఇరువదియైదు గిన్నెలు పెట్టిరి. బాలురు వ్రేళ్లు ముంచిరి. ఒకడు జిలేబీముక్క వేసెను. పెద్దలు ఫోటోలు తీసికొనిరి. విందు ముగియు వేళకు మా అత్తగారు, ఎనుబది దాటినవారు, కఱ్ఱ నూదికొని ఒక బల్ల దగ్గఱకు వచ్చి, అలంకారము విప్పుచున్న కుఱ్ఱవానిని, “ఏం నాయనా, వీటికి రాత్రి తిండెవరు పెడతారు?” అని యడిగిరి. వాడు దాపరికము లేక, “గిన్నెలు అద్దెవండి మామ్మగారూ, తిరిగి పట్టుకెళ్లాలి. చేపలు మీ ఖాతావే. ఎవరూ తీసుకెళ్లకపోతే కాలవలో పారబోస్తాం” అనెను. వాని తప్పేమున్నది? వానికి తెల్లవాఱకుండ మఱొక మంటపము నలంకరింపవలసియున్నది.

అత్తగారు కుర్చీ తెప్పించుకొని అచ్చటనే కూర్చుండిరి. “పిల్ల పెండ్లిలో ప్రాణాన్ని మురుక్కాలవలో పోస్తే నేనిక్కడినుంచి లేవను” అనిరి. వదినగారు తెల్లబోయిరి, వియ్యాలవారు చూచుచుండిరి. కొందఱు నవ్విరి. తుదకు మా వారును నేనును ఎవర్‌సిల్వరుకాగులు రెండు తెప్పించి గిన్నె తరువాత గిన్నె వంచితిమి. అప్పటికే ఎనిమిది వెలికిలబడియుండెను. మిగిలిన పదునేడింటిని కొన్ని మా వారి పాఠశాలలోని జంతుశాస్త్రపుతొట్టిలోను, కొన్ని మా పెరటి నీళ్లతొట్టిలోను విడిచితిమి. వారము తిరుగునప్పటికి పదునొకటి దక్కినవి. పెండ్లికూతురు మూడవనాడు ఫోనులో ముందుగా అడిగినది ఆ చేపల సంగతియే. ఆ గిన్నెలు తానే కోరెనట. తరువాత ఏమగునో ఆ పిల్లకు చెప్పినవారు లేరు.

న్యాయము మాట కూడ తెలిసికొనవలెను. మనదేశపు జంతుహింసానివారణ చట్టము 1960వ సంవత్సరమునది. అందు జంతువనగా మనుష్యుడు గాక తక్కిన ఏ ప్రాణియైనను అని నిర్వచనము; కదలుటకు తగిన చోటులేని పాత్రలో ప్రాణిని బంధించుట అపరాధము. ఇటలీదేశమున మోంజా పట్టణమువారు 2004లోను, రోమువారు 2005లోను బంగారుచేపలను గుండ్రనిగిన్నెలలో ఉంచరాదని శాసించిరి. సెనెకా నగరమునకు బుద్ధి కొంచెము ఆలస్యముగా వచ్చినది.

ఇంతకును బల్లపై ఏమి పెట్టవలెను? వెడల్పాటి ఇత్తడిపళ్లెరమున నీరు పోసి కలువలు వేయుడు. సాయంకాలపు విందునకు తామరలకంటె కలువలే మేలు. తామర ప్రొద్దుగూకునప్పటికి ముడుచుకొనును, ఎఱ్ఱకలువ రాత్రియే విప్పును. చేప తప్పదందురా, ఏటికొప్పాక లక్కబొమ్మలవారు, కొండపల్లి పొణికికఱ్ఱవారు ముందుగా చెప్పినచో చేయకపోరు. అది అతిథి ఇంటికి తీసికొనిపోవుటకును పనికివచ్చును.

ఏ కారణముచేతనైన చేపలు మీ యింటికే వచ్చిపడినచో, కుళాయినీటిని వెడల్పుపాత్రలో ఒక పగలు ఒక రాత్రి తెఱచియుంచి వాడుడు. చేప నున్న సంచిని ముందు కాలుగంట ఆ నీటిపై తేల్చి, రెండింటి వేడి సమమైన పిదపనే విడువవలెను. మేత చిటికెడు చాలును; బంగారుచేపకు పొట్టసంచియే లేదు. నీరంతయు ఒక్కమాఱు పాఱబోయక, రెండు మూడు దినముల కొకమాఱు కొంత తీసి కొంత పోయవలెను. ఫైటరుపోతులను ఒక్కొక్కదానిని వేఱువేఱుగా ఉంచవలెను. ఎంత జాలి కలిగినను ఊరిచెఱువులో మాత్రము విడువకుడు. అమెరికాలో మినెసోటారాష్ట్రపు బర్న్స్‌విల్ పట్టణమువారు 2021లో తమ చెఱువునుండి జానెడుకు మించిన బంగారుచేపలను వెలికితీయవలసివచ్చెను. జనులు విడిచిన పెంపుడుచేపలే అచ్చట బలిసి, అడుగుబురదను కలచి, నీటిని చెఱచినవి. తొట్టి పెట్టుకొన్న పొరుగువారు గాని, పాఠశాల గాని ఉన్నదేమో విచారించి వారికి ముట్టజెప్పుడు.