మీకు తెలుసా? ఎమ్మారై బల్ల చదునుగా ఉండాలి!

మామూలు స్కానింగ్ సెంటర్లో ఎమ్మారై బల్ల మధ్యలో కొంచెం లోతుగా ఉంటుంది. ఒళ్లు అందులో ఒదిగిపోతుంది, పడుకున్నవాళ్లకు హాయి. మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్ చికిత్స కోసం తీసే ఎమ్మారైకి మాత్రం ఆ లోతు పనికిరాదు. దాని మీద చదునైన గట్టి పలక పరుస్తారు. చికిత్స ఇచ్చే యంత్రం బల్ల చదునుగా ఉంటుంది మరి. గుంతలో పడుకుంటే నడుము ఒక తీరున ఒంగుతుంది, పలక మీద ఇంకో తీరున. ఆ మాత్రానికే లోపలి అవయవాలు కాస్త జరుగుతాయి. ఇక్కడ లెక్క మిల్లీమీటర్లలో!

సంకేతాలు పట్టే కాయిల్‌తోనూ ఇదే పేచీ. మామూలుగా దాన్ని పొట్ట మీద ఆనించి బెల్టు కడతారు. ఇక్కడ దాని బరువుకు పొట్ట నొక్కుకుపోకూడదు కాబట్టి పైన కమానులాంటి చట్రం నిలబెట్టి, దాని మీద ఉంచుతారు. తల, మెడ కేన్సర్లకైతే ముఖానికి అచ్చుపోసిన ప్లాస్టిక్ మాస్కు తొడిగే స్కాన్ తీయాలి. ఆ మాస్కుతో తల మామూలు హెడ్ కాయిల్లో పట్టదు. వంగే కాయిళ్లు అటూ ఇటూ చుట్టి, బొమ్మ కాస్త మసకైనా సరిపెట్టుకుంటారు.

సీటీ ఉండగా ఇంత తిప్పలెందుకంటే, సీటీలో ప్రోస్టేట్ అంచు సరిగా తేలదు. రేడియేషన్ ఇవ్వాల్సిన చోటు చుట్టూ డాక్టర్లు గీత కాస్త బయటికే గీస్తారు. ఎమ్మారై చూసి గీసినదానికంటే సీటీ చూసి గీసింది 30-40 శాతం పెద్దగా ఉంటోందని 1990లలోనే తేలింది. ఆ అదనపు రేడియేషన్ మోసేది పక్కనున్న మలాశయం, మూత్రసంచి.

అలాగని సీటీని పక్కన పెట్టేయడానికీ లేదు. ఎమ్మారైకి కనిపించేది ముఖ్యంగా నీటిలో, కొవ్వులో ఉండే హైడ్రోజన్. చికిత్సకు వాడే ఎక్స్‌రే ఒంట్లో ఎక్కడ ఎంత ఆగిపోతుందో అది చెప్పదు. ఎముక పైపెంకు నల్లగా కనిపిస్తుంది, గాలీ నల్లగానే కనిపిస్తుంది! ఒకటి ఎక్స్‌రేకి అడ్డుపడేది, ఇంకోటి వదిలేసేది. అందుకే రెండు బొమ్మలనూ ఒకదానిపై ఒకటి పేర్చి ప్లాన్ వేస్తారు. ఎమ్మారై నుంచే సీటీలాంటి బొమ్మ తయారుచేసే సాఫ్ట్‌వేర్లూ ఇప్పుడు వచ్చాయి.

మరి చికిత్స జరుగుతుండగానే ఎమ్మారై తీస్తే? రేడియేషన్ ఇచ్చే యంత్రం లినాక్, ఎమ్మారై అత్తాకోడళ్ల లాంటివి, ఒక గదిలో ఇమడవు. లినాక్ రేడియో తరంగాల రొద ఎమ్మారై బొమ్మను పాడుచేస్తుంది, అయస్కాంతమేమో లినాక్‌లోని ఎలక్ట్రాన్ల దారి మళ్లిస్తుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో లాగెండెయిక్, రాయ్‌మేకర్స్ బృందం ఏళ్ల తరబడి ఈ పేచీ తీర్చే పనిలోనే ఉండి, 2017లో 1.5 టెస్లా యంత్రంతో తొలి రోగులకు చికిత్స చేసింది. అయినా ఒక వింత మిగిలింది. కణజాలం నుంచి గాలిలోకి దూసుకొచ్చిన ఎలక్ట్రాన్లు అయస్కాంతం ధాటికి గిర్రున తిరిగి, వచ్చిన గోడనే మళ్లీ తాకుతాయి. మలాశయంలో చిన్న గ్యాస్ బుడగ ఉన్నా చాలు, దాని అంచున మోతాదు పెరుగుతుంది. ప్లాన్ వేసేటప్పుడే దీన్నీ లెక్కగడతారు.

ఫలితం చిన్నదేం కాదు. అమెరికాలోని యూసీఎల్ఏ 2023లో ప్రచురించిన పరీక్షలో, ఎమ్మారై సాయంతో ప్రోస్టేట్ చుట్టూ వదిలే అంచును 4 నుంచి 2 మిల్లీమీటర్లకు తగ్గించారు. చెప్పుకోదగ్గ మూత్ర ఇబ్బందులు తొలి మూడు నెలల్లో సీటీ సాయం తీసుకున్నవారిలో 43 శాతం మందికి వస్తే, ఎమ్మారై సాయం తీసుకున్నవారిలో 24 శాతం మందికే వచ్చాయి.

చిక్కల్లా సమయంతోనే. చికిత్స రోజున తీసిన బొమ్మ చూసి గీతలు సరిచేసి, ప్లాన్ మార్చేలోపు రోగి కదలకుండా పడుకునే ఉండాలి. ఈలోగా మూత్రసంచి నిండుతూ ప్రోస్టేట్‌ను నెడుతుంది. అందుకే బీమ్ వదిలే ముందు మరోసారి ఎమ్మారై తీసి, అన్నీ ఉన్నచోటే ఉన్నాయో లేదో చూస్తారు.