చలిదేశపు గృహములలో గాలికి తేమ నెక్కించు విధము

కొల్లేటి చుట్టుపట్ల నివసించు మనకు గాలిలో తేమ కొఱవడుట యన నేమో యనుభవములో లేదు. తమ్మిలేరు, బుడమేరు కొల్లేటిలో కలియుచున్నవి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు గొనిపోవుచున్నది. చుట్టును వరిచేలు, చేపలచెరువులు. వానకాలమున పుస్తకములకు బూజు పట్టుటయు, ఉప్పు నీరుగాఱుటయు, అప్పడములు మెత్తబడుటయు ఏలూరు గృహిణు లందఱు నెఱిగినవే. ఇట్టిచోట గాలికి తేమ నెక్కించు యంత్ర మొకటి కలదనిన వినువారు నవ్వుదురు. అయినను చికాగో, మినియాపొలిస్, టొరాంటో నగరములలో కాపురమున్న మన తెలుగువారి యిండ్ల కది యక్కఱకు వచ్చు వస్తువు. చలికాలమున బిడ్డలను చూడబోయిన తలిదండ్రులకు పెదవులు పగులుట, ముక్కునుండి నెత్తురు కాఱుట, తలుపుపిడిని తాకినంతనే చురుక్కుమని విద్యుత్తు తగులుట యనుభవములోనికి వచ్చును.

దీనికి కారణము మన విద్యార్థులు చదువుకొను ప్రకృతిశాస్త్రములోనే యున్నది. గాలి వేడెక్కినకొలది ఆవిరిని తనలో నిముడ్చుకొను శక్తి హెచ్చును. సెంటిగ్రేడు 30 డిగ్రీల వేడిగల ఘనమీటరు గాలిలో సుమారు 30 గ్రాముల ఆవిరి యిముడును. సున్న డిగ్రీలకడ 5 గ్రాములకు మించి యిముడదు. సున్నకు దిగువ 10 డిగ్రీలకడ రెండుమూడు గ్రాములే. అట్టి చలిగాలి తలుపుసందులగుండ నింటిలో జొచ్చి 21 డిగ్రీలకు వేడెక్కినదనుకొందము. ఆ వేడిమిలో 18 గ్రాము లిముడును గాని, వచ్చినది రెండు గ్రాములే. కావున సాపేక్షార్ద్రత నూటికి పదునొకటి, పండ్రెండు పాళ్ళకు దిగజాఱును. సోలెడు బియ్యము సోలలో నిండుగా నుండును. దానినే కుంచములో బోసిన అడుగున బడియుండును. బియ్యము తఱుగలేదు, పాత్రము పెద్దదైనది. ఆ కొఱతను తీర్చుకొనుటకై గాలి మన చర్మమునుండియు, కొయ్యసామానునుండియు నీటిని లాగుకొనును. ఇచ్చటినుండి ముచ్చటపడి కొనిపోయిన పనసకొయ్య వీణ యొక చలికాలములోనే బీటలు వాఱవచ్చును.

అచ్చటి యిండ్లలో పెక్కింట నేలమాళిగయందు ఫర్నెసు అను కొలిమి యుండును. వాయువు మండి రేకుగదిని వేడిచేయగా, పంకా యొకటి యింటి గాలిని లాగి, ఆ గదిమీదుగా బోనిచ్చి, రేకుగొట్టముల గుండ గదులన్నిటికి పంపును. హ్యుమిడిఫయ్యరు ఆ గొట్టమునకు బిగించిన చిన్న పెట్టె. లోపల జల్లెడవంటి దళసరి పలక. దానిపైనుండి నీరు సన్నగా జాఱుచుండును. వేడిగాలి దానిగుండ దూరి తేమను గొనిపోవును. మిగిలిన నీరు క్రిందిగొట్టమున బయటికి పోవును.

విద్యుత్తీగెలు కలుపుటలోనే యసలు నేర్పున్నది. పంకా తిరుగుచు, కొలిమి మండుచు నున్నప్పుడే నీరు జాఱవలెను. లేనిచో నీరు వ్యర్థముగా పాఱును. గొట్టములు లోలోపల త్రుప్పు పట్టవచ్చును. ఫర్నెసులోని ట్రాన్స్‌ఫార్మరు 120 వోల్టుల శక్తిని 24 వోల్టులకు దించును. నీటి కవాటమును తెఱచు విద్యుదయస్కాంతము సాధారణముగా ఈ 24 వోల్టులతో పనిచేయును. ఫర్నెసు పలకమీద ‘హమ్’ అని గుర్తుగల కొక్కెమున్నచో, అచ్చటినుండి యొక తీగె హ్యుమిడిస్టాటునకు, అనగా తేమను కొలిచి తానే తెఱచుకొని మూసికొను స్విచ్చికి పోవును, అందుండి కవాటమునకు, కవాటమునుండి ‘సి’ యను కొక్కెమునకు మరలివచ్చును. కాలువ మీద తూములు వరుసగా నున్నప్పుడు అన్నియు తెఱచినగాని చేనికి నీరు రాదు గదా! ఇదియు నట్టిదే. ‘హమ్’ లేని ఫర్నెసులకు వేఱొక ట్రాన్స్‌ఫార్మరును, పంకా తిరుగుటను కనిపెట్టు స్విచ్చిని అమర్తురు.

ఇచ్చట రెండు ప్రమాదము లున్నవి. కొన్ని ఫర్నెసులలో ‘హమ్’ కొక్కెమునకు 24 గాక 120 వోల్టులు వచ్చును. దానికి 24 వోల్టుల కవాటమును తగిలించిన నది మాడిపోవును. కావున తలుపు లోపల నంటించిన తీగెల పటమును ముందు చదువవలెను. రెండవది, 24 వోల్టుల తీగెలు రెండు తాకుకొన్నచో పలకమీది చిన్న ఫ్యూజు పోయి కొలిమియే నిలిచిపోవును. బయట సున్నకు దిగువ 20 డిగ్రీలున్న రాత్రి యది జరిగిన, ఇల్లు చల్లబడి, గొట్టములలోని నీరు గడ్డకట్టి, గొట్టములు పగిలి యిల్లు నీటిపాలగును. విద్యుత్తును మూలమునందే ఆపక యా తలుపు తీయరాదు. తెలిసిన పనివానిని పిలుచుటకు సిగ్గుపడ నక్కఱలేదు.

తేమ యెంత యుండవలె నన్నది మఱియొక ప్రశ్న. కొల్లేటి గాలి కలవాటుపడిన మేను ఇంకను కావలెననును. దాని మాట వినరాదు. కిటికీ యద్దములు, గోడల లోపలి కొయ్యలు బయటి చలికి చల్లబడియుండును. ఎక్కువైన ఆవిరి వానిపై నీరై దిగి, కొయ్యను క్రుళ్లజేసి, బూజు పెంచును. బయట సున్నకు దిగువ 7 డిగ్రీలున్నప్పుడు నూటికి 35 పాళ్ళు, 18 డిగ్రీలప్పుడు 25, 29 డిగ్రీలప్పుడు 15 మాత్రమే యుంచుట వాడుక. అద్దమున చెమ్మ కనబడిన వెంటనే తగ్గింపవలెను.

ఎయిర్ కండిషనింగు అను మాట నేడు చల్లదనమునకు మాఱుపేరైనది గాని, 1906లో స్టూవర్ట్ క్రామరను అమెరికా యింజనీరు దానిని వాడినది నూలుమిల్లులలో గాలికి తేమ నెక్కించు పనికి. పొడిగాలిలో దారము తెగుచుండుటయే దానికి కారణము.

పలకపై నీటిలోని సున్నము పేరుకొనును గనుక ఏటేట దానిని మార్తురు. వసంతమున కొలిమి యారిన పిమ్మట నీటి కవాటమును, ప్రక్కగొట్టపు మూతను మూయవలెను. అచ్చటి వేసవిలో గాలి మన యేలూరి గాలివలెనే చెమ్మగా నుండును.