నీరు చెక్కిన గుహలు

సికింద్రాబాదు సమీపంలోని కాప్రా పరిసరాలలో ఇళ్ళ నడుమ అక్కడక్కడ పెద్ద పెద్ద గ్రానైటు గుండ్లు కనిపిస్తాయి. సమీపంలోని మౌలాలి గుట్ట కూడా అదే జాతి రాయి. సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి ఈ శిలలు ఎండకూ వానకూ పగిలి, పొరలు పొరలుగా ఊడి, అంచులు అరిగి గుండ్లుగా మిగిలాయి. అయితే ఎన్ని వానలు కురిసినా వీటి గర్భంలో క్రోసుల పొడవున గుహ ఏర్పడదు. గ్రానైటు నీటికి అరుగుతుందే గాని కరగదు. కరిగే రాయిని చూడదలచిన యాత్రికుడు సున్నపురాతి నేలలకు ప్రయాణం కట్టవలసిందే.

వాన చినుకు గాలిలోను, మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొని స్వల్పమైన ఆమ్లగుణాన్ని పొందుతుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్ళలోకి దిగి, రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తూ వేల, లక్షల ఏళ్ళలో గుహను తొలుస్తుంది. గుహ పైకప్పు నుండి బొట్టు జారేటప్పుడు అందులోని వాయువు వెలికిపోయి, కరిగిన సున్నం తిరిగి గట్టిపడుతుంది. పైనుండి దిగేవి ఊడలుగా, కింద పేరుకొనేవి లింగాలవలె రూపొందుతాయి. రెండూ కలిసిన చోట స్తంభం నిలుస్తుంది. ఇటువంటి ఊడ ఒక సెంటీమీటరు పెరగడానికి సాధారణంగా వందేళ్ళ వరకు పడుతుంది.

తెలుగునేలపై ఇందుకు రెండు గొప్ప నిదర్శనాలున్నాయి. మొదటిది తూర్పు కనుమలలోని బొర్రా. విశాఖపట్టణం నుండి అరకు వెళ్ళే రైలు సొరంగాలను దాటుతూ, అడవులను చీల్చుకొంటూ బొర్రా గుహలు స్టేషనుకు చేరుతుంది. గుహలోని శివలింగాన్ని పరిసరాల ఆదివాసులు భక్తితో కొలుస్తారు. గోస్తనీ నది ఈ గుహలోని గోవు పొదుగును పోలిన శిల నుండి పుట్టిందని జనశ్రుతి.

రెండవది నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం. ఇక్కడ కొండ లేదు, అడవి లేదు. చదునైన పొలాల నడుమ బావివంటి బిలంలోకి మెట్లు దిగాలి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహలను గుర్తించాడు. దాదాపు శతాబ్దం తరువాత, 1982-83లో హెర్బర్ట్ డేనియల్ గెబార్ నాయకత్వాన జర్మను బృందం వీటిని శోధించింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు; అందులో సుమారు కిలోమీటరున్నర మేర సందర్శకులు తిరగవచ్చు. కోటిలింగాలు, ఊడలమర్రి, పాతాళగంగ మొదలైనవి అక్కడి చూడదగిన స్థలాలు. ఒకప్పుడు ఈ బిలాలు చెత్త పోసే చోట్లుగా ఉండేవంటే నేటి యాత్రికులు నమ్మలేరు. గ్రామస్థుల సహకారంతో శుభ్రపడి, 2002లో ఇవి ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి.

ఇదే సున్నపురాయి సముద్రంలో మునిగితే దృశ్యం మరొకలా ఉంటుంది. వియత్నాంలోని హాలాంగ్ అఖాతంలో దాదాపు 1,600 దీవులు పచ్చని అడవిని తలదాల్చి నీటి నుండి నిటారుగా లేచి ఉంటాయి. థాయిలాండులోని ఫంగ్‌ఙా అఖాతంలో కొన్ని దీవులు లోపల బోలుగా ఉంటాయి. చిన్న పడవలో గుహ గుండా సాగితే, పైకప్పు కూలిన చోట ఆకాశం కనిపించే కొలను ఎదురవుతుంది. అయితే పోటు వేళకు గుహ ముఖాన్ని నీరు మూసివేస్తుంది. కాబట్టి అక్కడి పడవవారు సముద్రపు వేళలను బట్టే రాకపోకలు సాగిస్తారు.

గుహను తొలిచిన నీరే మనిషికి ఆపద కాగలదు. 2018 జూన్ 23న ఉత్తర థాయిలాండులోని థామ్ లువాంగ్ గుహలోకి 12 మంది బాలురు తమ ఫుట్‌బాల్ శిక్షకునితో వెళ్ళారు. ఇంతలో వాననీరు పొంగి వెనుకదారి మూసుకుపోయింది. అనేక దేశాల వారు శ్రమించి జూలై 10 నాటికి అందరినీ వెలికి తెచ్చారు. కాని వారి కోసం ప్రాణవాయువు సిలిండర్లు మోసిన ఒక ఈతగాడు ప్రాణాలు కోల్పోయాడు. వానకాలంలో దారి తెలిసినవారు వద్దన్న గుహలో అడుగుపెట్టరాదని ఈ సంఘటన నేర్పిన పాఠం.

గుహకు మనిషివల్ల కలిగే ఆపద కూడా తక్కువది కాదు. చేతి జిడ్డు అంటితే ఊడ పెరుగుదల కుంటుపడుతుంది. సరదాకు విరిచిన వేలెడు ముక్క తిరిగి పెరగడానికి అనేక శతాబ్దాలు కావాలి. పేర్లు చెక్కినవారు పోయినా ఆ గాయం మిగిలి ఉంటుంది.

యాత్ర ముగించుకొని కాప్రాకు తిరిగి వచ్చిన యాత్రికునికి చెరువుగట్టు దగ్గరి గుండు ఇదివరకటిలా కనిపించదు. అక్కడ అరగదీసినదీ, బొర్రాలో కరగదీసినదీ ఒకే వాననీరు. తేడా అంతా రాతి స్వభావంలోనే ఉంది. ఆ తేడాను గుర్తించి, చూసినదానిని చెక్కుచెదరకుండా తరువాతి వారికి విడిచి రావడమే నిజమైన యాత్రికుని లక్షణం.