కెర్నెల్ వాకిట జరుగు నకలు

వెంబకోట్టై, శివకాశి, సాత్తూరు ప్రాంతములలో మన ఇండ్లనుండి పట్టాసు కర్మాగారములకు పనికి పోవువారు అనేకులు కలరు. వారిని అడిగినచో గేటువద్ద జరుగు సోదా సంగతి చెప్పుదురు. అగ్గిపెట్టె, బీడీ, సెల్‌ఫోను లోపలికి కొనిపోరాదు. ఎంత తెలిసినవాడైనను, నిన్న వచ్చినవాడే నేడు వచ్చినను, చూడక విడువరాదు. కావలివాడు ప్రతివానిని చెడ్డవాడని తలచుటచేత ఇట్లు చేయుట లేదు. లోపల మందు ఉన్నది. ఒక్కరి జేబులోని నిప్పురవ్వ అందరి ప్రాణములను తీయగలదు. అందుచేత సోదా అందరికిని ఒకటే.

మన చేతిలోని సెల్‌ఫోనునందును, పాఠశాలలోని కంప్యూటరునందును ఇట్టి గేటు ఒకటి కలదు. అది సెకనునకు వేలసారులు తెరచుకొని మూసుకొనుచుండును. దానివద్ద జరుగు పనిని ఈ వ్యాసమునందు వివరింపదలచితిమి.

కంప్యూటరులోని అన్ని పనులను నడుపు మూలప్రోగ్రామునకు కెర్నెల్ అని పేరు. ఆ మాటకు గింజలోని పప్పు అని అర్థము. మనము వాడు ఆటలు, ఉత్తరములు వ్రాయు ప్రోగ్రాములు, బొమ్మలు చూపునవి, ఇవన్నియు ఆ పప్పునకు వెలుపల ఉండునవి. వెలుపలి స్థలమును యూజర్ స్పేస్ అందురు. ప్రాసెసరు రెండు తీరుల పనిచేయును. వెలుపలి ప్రోగ్రాము నడుచునప్పుడు దాని అధికారము స్వల్పము. తన మెమరీని తప్ప ఇతరుల మెమరీని ముట్టజాలదు. కెర్నెల్ నడుచునప్పుడు అధికారము సంపూర్ణము. ఏ మెమరీనైనను చదువగలదు, ఏ డిస్కుపైననైనను వ్రాయగలదు. చిక్కంతయు ఈ సంపూర్ణాధికారమునుండియే పుట్టుచున్నది.

ఒక బాలిక తన ఊరిపేరు వెంబకోట్టై అని తెలుగులో వ్రాసి దాచుకొనదలచినదనుకొందము. వ్రాయు ప్రోగ్రామునకు డిస్కును ముట్టు హక్కు లేదు గనుక అది కెర్నెల్‌ను వేడుకొనవలెను. ఈ వేడుకోలునకు సిస్టమ్ కాల్ అని పేరు. విశేషమేమనగా, ప్రోగ్రాము ఆ పేరును కెర్నెల్ చేతికి ఇయ్యదు. "ఫలానా ఫైలులో వ్రాయుము, సరకు ఫలానా చిరునామాలో ఉన్నది, మొత్తము 30 బైట్లు" అని మూడు సంగతులు మాత్రము చెప్పును. సరకును తెచ్చికొనవలసిన భారము కెర్నెల్‌దే. లినక్స్ అను ఆపరేటింగ్ సిస్టమునందు ఈ తెచ్చుకొను పనికి కాపీ ఫ్రం యూజర్ అనియు, తిరిగి ఇచ్చు పనికి కాపీ టు యూజర్ అనియు పేర్లు.

చిరునామా తెలిసిన పిదప నేరుగా పోయి తెచ్చుకొనరాదా అని పిల్లలు అడుగవచ్చును. ఆ చిరునామా అబద్ధమైనచో? దుష్టబుద్ధితో వ్రాసిన ప్రోగ్రాము తన చిరునామాకు బదులు కెర్నెల్ సొంత మెమరీలోని చిరునామాను చెప్పవచ్చును. కెర్నెల్ దానిని నమ్మినచో, తన రహస్యములను తానే తీసి ఫైలులో వ్రాసి ఆ దుష్టునికి అప్పగించును. చదువుమని కోరినప్పుడైతే ఇంకను ఘోరము: వచ్చిన సమాచారమును తన మెమరీపైననే వ్రాసుకొని తన శాసనములను తానే చెరుపుకొనును. అందుచేత మొదటిపని చిరునామా పరీక్ష. చెప్పిన చోటు మొదలుకొని చెప్పిన పొడవు పూర్తియగువరకు అంతయు వెలుపలి స్థలములోనే ఉన్నదా? లేనిచో చెడ్డ చిరునామా అని తిప్పి పంపివేయును.

చిరునామా వెలుపలిదే అయినను అక్కడ సరకు లేకపోవచ్చును. మెమరీ పేజీలుగా విభజింపబడి యుండును; సాధారణముగా పేజీకి 4096 బైట్లు. కొన్ని పేజీలు డిస్కులో నిద్రించుచుండును. నకలు తీయుచుండగా అట్టి పేజీ తగిలినచో పని నిలిచి, పేజీ వచ్చిన తరువాత మరల సాగును. అసలు లేనే లేని పేజీ అయినచో నకలు అంతటితో ఆగి, ఇంకను ఎన్ని బైట్లు మిగిలిపోయినవో లెక్క చెప్పును. ఎన్ని తెచ్చితినని గాక ఎన్ని తేలేకపోతినని చెప్పు సేవకుని లోకములో ఎక్కడను చూడము. కాని ఇక్కడ ఆ పద్ధతియే అనుకూలము. సున్న వచ్చినచో పని పూర్తియైనదన్నమాట.

ఇంతకంటె సూక్ష్మమైన మోసము మరియొకటి ఉన్నది. బ్యాంకులో ఒకడు కాగితమును కౌంటరుపై పెట్టి, కలమును చేతిలోనే ఉంచుకొన్నాడనుకొందము. గుమాస్తా అంకెను చూచి సరియే అన్నాడు. డబ్బు తీయుటకు అటు తిరుగగానే ఆ మనుష్యుడు అంకె ప్రక్కన సున్న చేర్చినాడు. గుమాస్తా మరల కాగితమును చూచి లెక్కపెట్టి ఇచ్చివేసినాడు. కంప్యూటరులో ఒక ప్రోగ్రామునకు ఒకే సమయమున పనిచేయు చేతులు అనేకము ఉండును. కెర్నెల్ పరీక్షించునప్పుడు ఒక విలువ, వాడుకొనునప్పుడు మరియొక విలువ ఉండునట్లు అవి చేయగలవు. దీనికి మందు ఒక్కటే. కాగితమును ఒక్కసారి నకలు తీసికొని, ఆ నకలునే పరీక్షించి, ఆ నకలునే వాడవలెను. అసలు కాగితము వైపు మరల చూడరాదు.

తిరిగి ఇచ్చునప్పుడును జాగ్రత్త కావలెను. ఒకరి వ్రాతను తుడువక పలకను మరియొకరికి ఇచ్చినచో వెనుకటి అక్షరములు వారికి కనబడును. కెర్నెల్ తన పలకలో సగము మాత్రము నింపి మొత్తము నకలు ఇచ్చినచో, మిగిలిన సగములోని ఎవరి రహస్యమో బయటికి పోవును. ఈ పొరపాటు చాలమంది నేర్పరులే చేసియున్నారు.

ఇవి ఊహామాత్రములైన భయములు కావు. సెల్‌ఫోనులలో వాడు ఆర్మ్ జాతి ప్రాసెసరుల కొన్నింటిపై, లినక్స్‌లో చిన్న విలువలను ఇచ్చిపుచ్చుకొను రెండు సాధనములు చిరునామాను సరిగా పరీక్షింపకయే పనిచేసినవి. 3.5.5 సంఖ్య గల కెర్నెల్ నాటికి ఆ లోపము సవరింపబడినను, పాత కెర్నెల్‌తోనే నడుచు ఆండ్రాయిడ్ ఫోనులపై 2013 అక్టోబరు, నవంబరు నెలలలో దానిని దుర్వినియోగము చేసిరి. మందు సిద్ధమైనను రోగికి చేరలేదన్నమాట. తల్లిదండ్రులు ఫోనులో అప్‌డేట్ అను సూచనను ఏండ్ల తరబడి త్రోసివేయుట మేము చూచుచుందుము. అట్టి సవరణలే వానిలో వచ్చుచుండును. మరల 2017లో, 4.13 కెర్నెల్‌నందు, వెయిట్ ఐడి అను సిస్టమ్ కాల్‌ను చక్కదిద్దబోయి ఈ పరీక్షనే జారవిడిచిరి. సామాన్య ప్రోగ్రాము కెర్నెల్ మెమరీపై వ్రాయుటకు అది దారి యైనది. ఆ అక్టోబరులోనే దానిని సరిచేసిరి.

మనుష్యులు మరచుట తప్పదని గ్రహించి ప్రాసెసరులోనే తాళము అమర్చినారు. ఇంటెల్ వారు 2014 నాటి ప్రాసెసరులనుండి, కెర్నెల్ కూడ వెలుపలి మెమరీని ఊరక ముట్టకుండునట్లు అడ్డు పెట్టిరి. నకలు తీయు క్షణమున మాత్రము తాళము తీయుదురు. పని తీరగానే వేయుదురు. ఆర్మ్ వారును ఇట్టి ఏర్పాటు చేసియున్నారు.

ఇన్ని పరీక్షలకు కాలము ఖర్చగును గదా? నిజమే. అందుచేత పెద్ద ఫైళ్లను పంపునప్పుడు నకలు లేకయే, కెర్నెల్ లోపలనే ఒకచోటినుండి మరియొకచోటికి మరలించు మార్గములును కలవు. కాని ఉత్తరము, పేరు, సంకేతపదము వంటి చిన్న సరకునకు నకలే క్షేమము.

ఇక 30 బైట్ల సంగతి. వెంబకోట్టై అను మాటలో హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు కలిపి 10 సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమునకు 3 బైట్లు చొప్పున 30 అయినది. తమిళమునకును అంతియే. అదే పేరును ఇంగ్లీషు లిపిలో వ్రాసిన 11 అక్షరములకు 11 బైట్లు చాలును. కెర్నెల్‌కు అక్షరములు తెలియవు, బైట్లు మాత్రము తెలియును. లినక్స్‌లో ఫైలు పేరునకు సాధారణముగా 255 బైట్లు హద్దు. ఇంగ్లీషువారికి 255 అక్షరములు, మనకు 85 సంకేతములు. వ్యాసము శీర్షిక నంతటిని ఫైలుపేరుగా పెట్టబోయి, పేరు చాల పొడవు అను జవాబు చూచిన విద్యార్థులు తమ తెలుగులో తప్పున్నదని అనుకొనవలదు.

అట్లే ఖాళీలు లేని తెలుగు వ్రాతను ప్రోగ్రాము 4096 బైట్ల తునకలుగా తెప్పించుకొన్నచో, 1365 సంకేతములు పూర్తిగా వచ్చి, తరువాతిదానిలో ఒక్క బైటు మాత్రము చేతికందును. మిగిలిన రెండు బైట్లు వచ్చువరకు దానిని పదిలపరచుట ప్రోగ్రాము వ్రాసినవాని పని. అతడు మరచినచో తెరపై అక్షరము బదులు ప్రశ్నార్థకము గల నల్లని గుర్తు కనబడును. శివకాశి అను మాటకు ఎన్ని బైట్లో, సాత్తూరునకు ఎన్నియో పిల్లలు పలకపై లెక్కించి చూడుడు. మా లెక్కకు 21, 24 వచ్చినవి.